పెదవి ఆనించే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "మన అమ్మాయి వాల్వు ఆంప్లిఫయర్ కడుతుందట అన్నయ్యా, మౌతార్గాన్ కోసం" అన్నాడు. వాడి గొంతు నిండా గర్వమే. నాకూ ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఇంకా తెల్లవారలేదు, లేచి కూర్చుని ఇది రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. వాల్వుల్ని వేడెక్కించే ఫిలమెంట్ వైర్లు జంటగా మెలిపెట్టి చాసీ (అన్నీ బిగించే లోహపు చట్రం) మూల వెంబడి లాగు, హమ్మనే రొద తగ్గుతుంది. స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మొదటిసారి కరెంటు సిరీస్ బల్బు మీదుగానే, అంటే దారిలో వరసగా కలిపిన పాతకాలపు ఫిలమెంట్ బల్బు గుండానే ఇవ్వు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే. అలాగే భగ్గుమంటూ ఉంటే వెంటనే ఆపు, ఎక్కడో షార్టు ఉంది.

గిటార్ సర్క్యూట్‌ని మక్కికి మక్కి దించుతున్నావని విన్నాను. అది వద్దు. గిటార్ వాళ్లకి గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, ఎంతున్నా చాలదు. మనది గుప్పిట్లో మూసి పట్టిన మైకు, మామూలు ఊపిరికే గట్టి సిగ్నల్ ఇస్తుంది. గెయిన్ పెరిగితే పాట కంటే ముందు స్పీకర్ కూత మొదలవుతుంది. మొదటి వాల్వుగా 12ఏఎక్స్7 తీసి 12ఏవై7 పెట్టి చూడు. దాని గెయిన్ 100, దీనిది 44. ఇంకా కూస్తే 12ఏయూ7 ఉంది, 20 లోపే. పిన్నులు అన్నిటికీ ఒకటే, సాకెట్ మార్చనక్కర్లేదు. పాత క్రిస్టల్ మైకు వాడితే ఇన్‌పుట్‌లో 1 మెగాఓమ్ బదులు 5 మెగాఓమ్‌లు పెట్టు, కింది స్వరాలు నిండుగా వస్తాయి. క్రిస్టల్ అంటే రోషెల్ సాల్ట్, ఒక రకం ఉప్పే. ఎండకీ చెమ్మకీ చచ్చిపోతుంది, జాగ్రత్తగా దాచుకో. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌కి డయోడ్లు వద్దు, 5వై3 వాల్వు పెట్టు. గట్టిగా ఊదినప్పుడు వోల్టేజీ కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది, స్వరం కూడా నలిగి తేరుకుంటుంది. ఆ నలుగుడు కోసమే కదా ఇంత కష్టం. చివర్లో స్పీకర్‌ని నడపడానికి ఒక 6వి6 వాల్వు, ఒక చిన్న స్పీకర్. 5 వాట్లు గదికి చాలు.

అసలు ఈ శబ్దం పుట్టిందే ఒక గుప్పిట్లో. 1950ల మొదట్లో షికాగోలో లిటిల్ వాల్టర్ మౌతార్గాన్‌నీ మైకునీ కలిపి రెండు చేతుల్లో మూసి, చిన్న ఆంప్ బొంగురుపోయేలా ఊదాడు. 1952లో పాటే లేని అతని రికార్డు అక్కడి రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. మీ నాన్నా నేనూ దాన్ని అరిగిపోయేదాకా విన్నాం. అలా వినీ వినీ నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

నాకు ఇరవై నాలుగు, వాడికి ఇరవై. మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత వాల్వు రేడియో ఒకటి ఉండేది. ఆ రకంలో ఫిలమెంట్లన్నీ వరసగా కలిపి నేరుగా మెయిన్స్‌కి తగిలిస్తారు. మెయిన్స్ తీగల్లో ఒకటి చాసీకే కలుస్తుంది. చుట్టూ చెక్కపెట్టె, ముందు ప్లాస్టిక్ నాబులు. ఎవరి చెయ్యీ చాసీకి తగలదు కాబట్టి రేడియోగా ఉన్నన్నాళ్లూ ప్రమాదం లేదు. నేను ఆ పెట్టెకి కన్నం పెట్టి మైకు సాకెట్ బిగించాను. మైకు కేబుల్ మీది అల్లిక తీగ ఇటు చాసీకి, అటు మైకు ఇనప డిప్పకి. అంటే పెట్టెలో దాగిన చాసీని తెచ్చి నా తమ్ముడి గుప్పిట్లో పెట్టాను.

తెలియక కాదు. టెస్టర్ పెట్టి చూసే చేశాను. రెండు పిన్నుల ప్లగ్గు ఒక వైపుగా పెడితే చాసీకి న్యూట్రల్ వస్తుంది, తిప్పి పెడితే ఫేజు. అందుకని ప్లగ్గు మీద ఎర్ర రంగు చుక్క పెట్టి, చుక్క పైకే ఉండాలని వాడికి చెప్పాను. ఆ చుక్కనే నమ్ముకున్నాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. నాలుగో వారం ఒక చిన్న హాల్లో వాయిస్తున్నాం. ఎవరో ఫ్యాన్ కోసం ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టారు. నేను చూడలేదు. వాడు రబ్బరు చెప్పులతో ఉన్నాడు, అందుకే మొదట ఏమీ తెలియలేదు, హాయిగా ఊదాడు. చరణం పాడాలని గాయకుడి మైకు దగ్గరికి వంగాడు. అది ఎర్తు ఉన్న మిక్సర్‌కి తగిలించి ఉంది. వాడి పై పెదవి దాని జాలీకి ఆనింది.

స్పీకర్లలో ఢబ్బుమని శబ్దం. వాడి వేళ్లు మైకు చుట్టూ బిగుసుకుపోయాయి, వదలాలన్నా వదలవు. నోట్లోంచి మాట లేదు. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. వెనక్కి పడిపోతూ కేబుల్‌ని సాకెట్‌లోంచి లాగేశాడు. దానివల్లే బతికాడు. నేను పరుగెత్తాననీ ప్లగ్గు పీకాననీ చెప్పాలని ఉంది. నేను కదల్లేదమ్మా, నిలబడిపోయాను.

పెదవి కాలింది. మానడానికి నెల పట్టింది, ఆ నెలంతా వాడు ఊదలేదు. మీసం కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నీ చిన్నప్పుడు అదేమిటని అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పాడు. పక్కనే కూర్చుని ఉన్నాను. నా పేరు ఎత్తలేదు వాడు.

గిటార్ వాడికి షాక్ కొడితే ఎక్కువగా వేళ్లకి. మనకి రెండు అరచేతులూ ఇనుము మీదే, పెదవులు తడిగా అక్కడే. అందుకే ఈ ఒక్క విషయంలో నీతో బతిమాలను, గదమాయిస్తాను. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని సర్క్యూట్ జోలికి వెళ్లకు, ఎంత తేలిగ్గా కనిపించినా సరే. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తీగ విడి బోల్టుతో చాసీకి. ఆ బోల్టుకి ఇంకేదీ తగిలించకు. ఫ్యూజు ఫేజులోనే. పాత రెండు తీగల ఆంప్‌ల బొమ్మల్లో మెయిన్స్ నుంచి చాసీకి ఒక కండెన్సర్ కనిపిస్తుంది, దాన్ని కట్టనే కట్టకు.

ఇంకో మాట. ప్లగ్గు పీకేశాక కూడా, కరెంటు నిలవుంచుకునే ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. వాటికి అడ్డంగా 220 కిలోఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టెన్స్ శాశ్వతంగా ఉంచు, కాసేపటికి ఖాళీ అవుతాయి. అయినా మీటరు పెట్టి చూడకుండా లోపల వేలు పెట్టకు. చూసేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకో. నిద్ర వస్తుంటే ఆ పెట్టె తెరవనే వద్దు తల్లీ, పొద్దున చేసుకోవచ్చు.

ఆ రోజు వాడి చేతిలో ఉన్న మైకు డిప్ప నా బీరువాలోనే ఉంది. క్రిస్టల్ ఎప్పుడో పోయింది, డిప్ప మాత్రం చెక్కుచెదరలేదు. పార్సిల్ చేస్తున్నాను, కొత్త ఎలిమెంట్ వేసుకో. అంతా కట్టాక, ప్లగ్గు గోడకి పెట్టకముందు, మీటరు ఒక కొన ప్లగ్గు ఎర్తు పిన్నుకి, ఇంకో కొన ఆ డిప్పకి పెట్టు. 1 ఓమ్ కంటే తక్కువే చూపాలి. తర్వాత ఆన్ చేసి, డిప్పకీ వేరే నమ్మకమైన ఎర్తుకీ మధ్య ఏసీ వోల్టులు చూడు. సున్నా దగ్గర ఉండాలి.

అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే. ఆ రెండు అంకెలూ నాకు చదివి వినిపించు. మీ నాన్న పక్కనే కూర్చుని, ముందు నేను ఊదుతానని చెయ్యి చాపుతాడు, వాడి సంగతి నాకు తెలుసు. అంకెలు నేను విన్నాకే ఇవ్వు. ఇచ్చాక ఫోన్ పెట్టెయ్యకు, స్పీకర్ దగ్గర ఉంచు.

నీ
పెదనాన్న