ఆదివారం గుడ్డుకి 27 డాలర్లా తమ్ముడూ?

ప్రశ్న: అక్కా, ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ దగ్గరికి వచ్చాను. ముగ్గురం కలిసి ఉంటున్నాం. ఖాళీ చేసి వెళ్ళిపోతున్న సీనియర్ దగ్గర 20 డాలర్లకి ఎయిర్ ఫ్రయ్యర్ తీసుకున్నాం. ఆదివారం బ్రంచ్‌కి గుడ్డుతో తేలిగ్గా అయ్యేది ఏదైనా చెప్తారా? నాకు వంట పెద్దగా రాదు. మొన్న ఏదో పెడితే పొగ వచ్చి అలారం మోగింది. వచ్చే ఆదివారం క్లాస్‌మేట్స్ ఇద్దరు వస్తామన్నారు కూడా.

జవాబు: 20 డాలర్లకి దొరికిందా? అయితే నీకు వంట రాకపోయినా బతకడం వచ్చు. నేను నా మొదటి ఎయిర్ ఫ్రయ్యర్ 2018లో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఉండే సేల్‌లో, చలిలో లైన్లో నిలబడి, 89 డాలర్లు పోసి కొన్నాను, అది కూడా సగం ధర అని మురిసిపోతూ. ఆ తర్వాత తెలిసింది, మే నెలాఖరులో యూనివర్సిటీల చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు ఖాళీ అయ్యేటప్పుడు చూస్తే ఇలాంటివి దాదాపు ఊరికే దొరుకుతాయని.

గుడ్డు సంగతికి వస్తాను గానీ ముందు ఒక లెక్క చెప్పనీ, విసుక్కోకు. ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు కాబట్టే నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా నా మొదటి బ్రంచ్ బిల్లు మర్చిపోలేకపోతున్నాను.

నేను తణుకు నుంచి 2010లో వచ్చాను. వచ్చిన మూడో వారం క్లాసులో అమ్మాయిలు ఆదివారం బ్రంచ్‌కి వెళ్దామన్నారు. బ్రంచ్ అంటే టిఫినూ భోజనమూ కాని మధ్యస్తం ఏదో అని తెలుసు, అంతే. మెనూలో నాకు అర్థమైన మాట గుడ్డు ఒక్కటే, అందుకని ఎగ్స్ బెనెడిక్ట్ చెప్పాను, అంటే బన్ను మీద పంది మాంసం, దాని మీద సగం ఉడికిన గుడ్డు. పంది మాంసం తీసెయ్యమంటే తీసేశారు, ధర మాత్రం తియ్యలేదు. వచ్చిన ప్లేట్లో గుడ్డు పైన పసుపు రంగు సాసు, చెంచాతో ముట్టుకోగానే సొన బొటబొటా కారింది. మా ఊళ్ళో అలా పచ్చిగా ఉన్న గుడ్డు పెడితే చుట్టాలు లేచి వెళ్ళిపోతారు. తినేశాను, ఏం చేస్తాను. ప్లేటు 11, కాఫీ రెండున్నర. దాని మీద టెక్సస్‌లో 8.25 శాతం టాక్సు. కార్డు చీటీ మీద టిప్ అని ఖాళీ గీత ఉంటే బుద్ధిమంతురాలిలా సున్నా చుట్టాను. పక్కనున్న అమ్మాయి అది చూసి నా చెవిలో చెప్పింది, ఇక్కడ వడ్డించేవాళ్ళకి యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది గంటకి 2.13 డాలర్లేనట, మిగతాదంతా టిప్పుల మీదేనట. సిగ్గుతో చచ్చి 20 శాతం రాశాను. మొత్తం 17 డాలర్ల చిల్లర. అప్పట్లో డాలరు 46 రూపాయలు, అంటే దగ్గర దగ్గర ఎనిమిది వందలు. లైబ్రరీలో నాకు గంటకి 8 డాలర్లు, అంటే రెండు గంటలకి పైగా పుస్తకాలు సర్దిన డబ్బు, ఒక పచ్చి గుడ్డుకి! ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి డబ్బులు సరిపోతున్నాయి అని చెప్పి, పెట్టేశాక ఏడ్చాను.

అదే బిల్లు ఇవాళ ఎంతో చూడు. మొన్న మా ఇంటి దగ్గర ప్లేటు 17, కాఫీ 4, టాక్సు, టిప్పు కలిపి 27 డాలర్లు. డాలరు 85 వేసుకున్నా 2,300 రూపాయలు. నువ్వు ఎడ్యుకేషన్ లోన్ మీద వచ్చుంటే దాని మీద వడ్డీ కూడా కలుపుకో. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూడకూడదు, అలా చూస్తే ఇక్కడ బతకలేం అని సీనియర్లు చెప్తారు. మార్చు తమ్ముడూ. అప్పు రూపాయల్లో ఉన్నన్నాళ్ళూ మార్చాల్సిందే.

ఇంట్లో అయితే ఎంత? బర్డ్ ఫ్లూతో గుడ్ల ధరలు కొండెక్కిన 2025 మార్చిలో కూడా ఇక్కడ డజను సగటున 6.23 డాలర్లు, అంటే రెండు గుడ్లు డాలరు మీద నాలుగు సెంట్లు. ఆ తర్వాత దిగాయి కూడా. పైగా టెక్సస్‌లో షాపులో కొన్న గుడ్లకి, బ్రెడ్డుకి టాక్సు లేదు, వండి వడ్డిస్తేనే ఉంది. కరెంటు అంటావా, 1500 వాట్ల మెషీను పన్నెండు నిమిషాలు తిరిగితే యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు, నాలుగైదు సెంట్లు. మా ఆయన ఈ లెక్క వినీ వినీ చెవులు మూసుకుంటాడు, నువ్వైనా విను.

సరే, వంట.

ముందు ఆ పొగ. వంట రాకపోవడానికీ ఆ పొగకీ సంబంధం లేదని నా అనుమానం. సీనియర్ రెండేళ్ళు చికెన్ వేయించిన జిడ్డు లోపల పైభాగంలో ఉండే కాయిల్‌కి అంటుకుని ఉంటుంది. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, బుట్ట బయటికి లాగి మెషీన్ తలకిందులు చేసి చూడు. తడిగుడ్డతో మెల్లగా తుడువు, నీళ్ళు పొయ్యకు. ఆరాక గుడ్డూ గిడ్డూ లేకుండా ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పు.

ఖాళీగా తిప్పేటప్పుడు లోపల కాగితం వెయ్యకు. ఇది నేను చేసిన ఘనకార్యం. బుట్ట కడిగే పని తప్పుతుందని బేకింగ్ పేపర్ పరిచి, ముందు వేడెక్కనిద్దామని ఆన్ చేసి పక్కకెళ్ళాను. లోపల ఫ్యాను గాలి గట్టిగా తిరుగుతుంది, ఈ మెషీన్ అంటేనే కాయిలూ ఫ్యానూ ఉన్న చిన్న ఓవెన్, నూనెలో వేయించేది అందులో ఏమీ లేదు. కాగితం మీద బరువేమీ లేకపోయేసరికి గాలికి లేచి కాయిల్‌కి తగిలి అంటుకుంది. అలారం, పొగ, తువ్వాలు ఊపుతూ నేను. అమెరికా వచ్చి ఎనిమిదేళ్ళయ్యాక, ఉద్యోగం చేస్తూ, ఇల్లు కొన్నాక చేసిన పని ఇది. కాబట్టి నీ అలారం గురించి టెన్షన్ పడకు.

ఇప్పుడు గిన్నె. వీడియోల్లో రామెకిన్ అని పింగాణీ గిన్నెలు చూపిస్తారు, నాలుగు కలిపి పదీ పదిహేను డాలర్లు. కొనకు. మీ అమ్మ సూట్‌కేసులో పెట్టిన చిన్న స్టీలు గిన్నెలు ఉంటాయి కదా, పప్పు వేసుకునేవి, అవి ఎయిర్ ఫ్రయ్యర్‌లో చక్కగా పనికొస్తాయి. ప్లాస్టిక్ పిడి లేకుండా చూసుకో, చాలు. అదే గిన్నెని అలవాటులో మైక్రోవేవ్‌లో పెట్టేవు, వద్దు. బుట్టలో మాత్రం గుడ్డు నేరుగా కొట్టకు, అడుగున చిల్లులుంటాయి. నవ్వకు, కొట్టినవాళ్ళు ఉన్నారు.

గిన్నెకి నూనె రాసి, టమాటా కూర మూడు చెంచాలు అడుగున పరువు. శనివారం రాత్రి మిగిలిన కూర అయితే అంతకన్నా కావలసింది లేదు. లేకపోతే ఒక ఉల్లిపాయ, రెండు టమాటాలు, పచ్చిమిరపకాయ, ఉప్పు, కారం, పసుపు వేసి స్టవ్ మీద దగ్గర పడేదాకా మగ్గించు. నీళ్ళు నీళ్ళుగా ఉంటే గుడ్డు ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. మధ్యలో గుంట చేసి గుడ్డు కొట్టి, పైన ఉప్పు, మిరియాల పొడి, అర చెంచా నెయ్యి. నెయ్యి ఎందుకంటే పైనుంచి వచ్చే పొడి వేడికి పచ్చసొన మీద తోలు కడుతుంది, నెయ్యి ఉంటే కొంచెం మెత్తగా ఉంటుంది. 350 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ముందుగా వేడి చేసి గిన్నెలు లోపల పెట్టు. ఎనిమిదో నిమిషంలో తీసి చూడు, గిన్నె కదిపితే తెల్లసొన వణుకుతుంటే ఇంకో రెండు నిమిషాలు. ఒక్కో మెషీన్ ఒక్కో రకం, మొదటిసారి దగ్గరే నిలబడు. చివరి మూడు నిమిషాల్లో పక్కన చోటుంటే బ్రెడ్ ముక్కలు పెట్టు, కరకరలాడతాయి. తీసేటప్పుడు పట్టకారుతో తీయి. పైన కొత్తిమీర. ఇదే గిన్నెడు వంటకి ఏదో విదేశీ పేరు పెట్టి హోటల్లో 17 డాలర్లు తీసుకుంటున్నారు, మనకి అది టమాటా కోడిగుడ్డు.

350 అన్నాను కదా, ఫారెన్‌హీట్. ఇక్కడే నేను ఇంకోసారి బోల్తా పడ్డాను. తెలుగు వీడియోలో 180 దగ్గర ఎనిమిది నిమిషాలు అని చెప్తే, నా మెషీన్లో 180 నొక్కాను. ఎనిమిది నిమిషాల తర్వాత తీస్తే గుడ్డు పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే నన్ను చూస్తోంది. ఇంకో ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. ఆ వీడియోలో ఆవిడ చెప్పింది సెల్సియస్, నా మెషీన్ అమెరికాది. 180 ఫారెన్‌హీట్ అంటే 82 సెల్సియస్, ఆ గాలికి గిన్నె వేడెక్కేసరికే మధ్యాహ్నం అవుతుంది. ఆఖరికి అంతా బాణలిలో వేసి పొరటు చేసుకుని తిన్నాను. పారెయ్యడం మా ఇంటా వంటా లేదు.

పచ్చసొన కారేలా తినాలని సరదా పడితే అది నీ ఇష్టం. ఇక్కడి ప్రభుత్వం వాళ్ళు గుడ్డు వంటకాలు లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలంటారు. గుడ్లు ఫ్రిజ్‌లోనే పెట్టాలి కూడా, ఇక్కడ కడిగి అమ్ముతారు కాబట్టి మన దగ్గరలా బయట ఉంచకూడదు. మా ఇంటి చుట్టూ కోళ్ళఫారాలున్న ఊళ్ళో పెరిగిన నాకు గుడ్ల గురించి ఒకళ్ళు చెప్పడమేంటని వారం రోజులు వంటగట్టు మీదే ఉంచాను. రూమ్మేట్ చూసి డజనుకి డజనూ చెత్తలో పడేసింది. నా డబ్బులే. మిగతా రూల్స్ నెట్‌లో ఉంటాయి, చూసుకో. మీ లీజులో ఎయిర్ ఫ్రయ్యర్ వద్దని ఏమైనా రాశారేమో అది కూడా చూడు. డార్మ్‌లలో, అంటే కాలేజీ హాస్టళ్ళలో, చాలాచోట్ల ఒప్పుకోరు.

ఇక ఆ వచ్చే ఇద్దరు. ఐదుగురికి ఒకే వాయిలో అవదు, బుట్టలో రెండో మూడో గిన్నెలు పడతాయి, రెండు వాయిలు వెయ్యి. ఇది తిరుగుతున్నప్పుడు పక్క ప్లగ్గులో రైస్ కుక్కరో మైక్రోవేవో పెట్టకు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మామూలు లైను 15 ఆంపియర్లు, అంటే అంతా కలిపి 1800 వాట్లే. ఎయిర్ ఫ్రయ్యర్ ఒక్కటే 1500 తినేస్తుంది. నేను రెండూ కలిపి పెట్టి, చుట్టాల ముందు బ్రేకర్ పడిపోయి, ఆ బాక్సు ఇంట్లో ఎక్కడుందో తెలియక అరగంట వెతికాను. ఎక్స్‌టెన్షన్ వైరు కూడా వద్దు, నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టు. ఎవరైనా ఇండియా నుంచి ఎయిర్ ఫ్రయ్యర్ తెస్తామంటే వద్దని చెప్పు, అది 230 వోల్టులది, ఇక్కడ బరువు తప్ప పనికిరాదు.

ఖాళీ చేతుల్తో మాత్రం రానివ్వకు. మొహమాటపడి నేను మొదటి ఏడాది ఎంతమందికి పెట్టానో, ఎవరెవరు తిని వెళ్ళి మళ్ళీ పిలవలేదో ఇప్పటికీ గుర్తే. గుడ్లు మీవి, బ్రెడ్డూ జ్యూసూ వాళ్ళవి అని ముందే మెసేజ్ పెట్టు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. అందులోనే గుడ్డు తింటారా అని కూడా అడుగు. తినకపోతే అదే టమాటా కూర మీద పనీర్ ముక్కలు పెట్టి ఆరేడు నిమిషాలు చాలు. పనీర్ ఇండియన్ షాపులోనే కొను, మా వైపు అమెరికన్ షాపుల్లో అదే సైజు ప్యాకెట్ రెండు డాలర్లు ఎక్కువ.