జీడి తొక్కలు పొయ్యిలో పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. పలాస దగ్గర ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే పని చేస్తాను. వేళ్లు నల్లబడి పొక్కుతున్నాయి. గ్యాస్ ఆదా అవుతుందని తొక్కలు తెచ్చి పొయ్యిలో వాడుతున్నాం. ఈమధ్య ఇంట్లో అందరికీ దగ్గు వస్తోంది. నాకు రక్తం తక్కువగా ఉందన్నారు. మా అత్తగారికి కిడ్నీ జబ్బు. బలం వస్తుందని ఇద్దరం రోజూ జీడిపప్పు ముక్కలు తింటున్నాం. మంచిదేనా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు పొయ్యి సంగతి చెబుతాను. అది ఈ రోజే ఆపాలి. జీడి తొక్క పొరల మధ్య చిక్కటి నూనె ఉంటుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చాలా ఘాటైనవి. తొక్క మండితే వచ్చే పొగ కళ్లకు, గొంతుకు, ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. ఫ్యాక్టరీల్లో బాయిలర్లకు వాడుతున్నారు కదా అనొచ్చు. అక్కడ పొగ ఎత్తైన గొట్టంలోంచి పైకి పోతుంది, మీ వంటింట్లో పిల్లల ముక్కుల్లోకి పోతుంది. మీ దగ్గుకు ఇదే కారణం కావచ్చు. రెండు వారాలు దాటినా తగ్గనివాళ్లకు కఫం పరీక్ష తప్పకుండా చేయించండి.

తొక్కల్ని నూనె తీసేవాళ్లకు అమ్మితే మీకూ నాలుగు డబ్బులు వస్తాయి. బ్రేకు లైనింగులు, రంగులు, వార్నిష్‌ల తయారీకి ఆ నూనె కావాలి. చెదలు పట్టకుండా చెక్కకు, పడవలకు పూస్తారు. పప్పు మీది ఎర్ర పొట్టులో ఉండే టానిన్లు తోళ్లు పదును చేయడానికి పనికొస్తాయి. ఇవన్నీ పరిశ్రమలో వాడకాలు. కాలి పగుళ్లకు, పులిపిర్లకు ఈ నూనె రాసుకుని చర్మం కాలిపోయాక ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు. ఎవరు చెప్పినా ఒంటికి రాయకండి.

మీ వేళ్లు పొక్కుతున్నదీ ఆ నూనె వల్లే. మామిడి సొన తగిలి మూతి పొక్కడం చూసే ఉంటారు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబం చెట్లు. పనిలోకి దిగే ముందు చేతులకు ఆముదం గానీ కొబ్బరినూనె గానీ పట్టించి, పైన గ్లవ్స్ వేసుకోండి. చిరిగితే వెంటనే మార్చాలి. గ్లవ్స్ ఇవ్వమని యాజమాన్యాన్ని అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. మరక పోవాలని కిరోసిన్‌తో రుద్దితే పుండు ఇంకా ముదురుతుంది. సబ్బు, నీళ్లు చాలు. పొక్కులు చిదమకుండా చర్మ డాక్టరుకు చూపించండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ తెచ్చుకోవద్దు.

ఇక పప్పు. మంచి ఆహారమే. గుండు అయినా బద్ద అయినా ముక్కలైనా పోషకాలు ఒకటే, తేడా ధరలోనే. 100 గ్రాముల్లో దాదాపు 550 కేలరీలు, 18 గ్రాముల ప్రొటీన్, 44 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో సగానికి పైగా గుండెకు మేలు చేసే రకం. జీడిపప్పు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందని చాలామంది భయపడతారు గానీ, ఇందులో కొలెస్ట్రాల్ అసలు ఉండదు. మెగ్నీషియం, జింక్, రాగి బాగా ఉంటాయి. మీరు రోజుకు గుప్పెడు, అంటే 25–30 గ్రాములు, ఉప్పు లేకుండా తినొచ్చు. కానీ రక్తహీనతకు ఇది మందు కాదు. ఆ గుప్పెడులో ఇనుము 2 మిల్లీగ్రాములు మించదు, మీకు రోజుకు 29 కావాలి. ఐరన్ మాత్రలు మానకండి. జీడిమామిడి పండ్ల కాలంలో తోటల్లో పండ్లు రాలి కుళ్లిపోతుంటాయి. వాటిలో నారింజ కంటే ఎన్నో రెట్లు విటమిన్ సి ఉంటుంది, అది ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. గొంతులో గరగర రాకుండా ముక్కలు కోసి ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి తినండి.

అత్తగారికి మాత్రం ఇప్పటికి జీడిపప్పు ఆపేయండి. 100 గ్రాముల పప్పులో సుమారు 660 మిల్లీగ్రాముల పొటాషియం, 590 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటాయి. దెబ్బతిన్న కిడ్నీ వాటిని బయటికి పంపలేదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. జీడిపప్పులో కిడ్నీలో రాళ్లు కట్టే ఆక్సలేట్లు కూడా ఎక్కువే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న ఇళ్లు ఎన్నో, బలం కోసమని ప్రేమతో పెట్టే తిండే చెరుపు చేస్తే తట్టుకోలేం. ఆవిడ తాజా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం రిపోర్టులు పట్టుకెళ్లి, కిడ్నీ డాక్టరుకు చూపించి, రోజుకు ఏది ఎంత పెట్టాలో కాగితం మీద రాయించుకోండి.