ఇంటికి చవకబారుతనం ఎక్కడి నుంచి వస్తుంది?

చి. ల. సౌ. అమ్మాయికి, నీ బాబాయి ఆశీర్వదించి వ్రాయు లేఖ.

ఇక్కడ నేనూ, మీ పిన్నీ క్షేమంగా ఉన్నాము. మియాపూరులో మీరు కొన్న ఫ్లాటు ఫొటోలూ, ఇంటీరియర్ పనివారు ఇచ్చిన నాలుగు పేజీల ఎస్టిమేటూ అందాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నిన్న రాత్రి చాలాసేపు చూశాను. విజయవాడలో ముప్పై ఏళ్లపాటు రంగుల పనీ, చెక్కపనీ కాంట్రాక్టుకు చేయించినవాణ్ణి కనుకనూ, నువ్వే అడిగావు కనుకనూ మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఆ ఎస్టిమేటులో ఉన్నదంతా చేయిస్తే మీ చేతిలో ఉన్న డబ్బంతా అయిపోతుంది, ఇల్లు మాత్రం రెండేళ్లు తిరిగేసరికి చవకబారుగా కనిపిస్తుంది.

ధర తక్కువైన వస్తువుల వల్ల ఇంటికి ఆ పేరు రాదు. మీ తాతగారి ఇంట్లో నేలకు కడప బండలు, గోడలకు సున్నం తప్ప మరేమీ ఉండేవి కావు. ఆ ఇంటిని చూసి ఎవరూ చులకనగా మాట్లాడిన గుర్తు నాకు లేదు. నేను చూసినంతలో, ఒక వస్తువు తాను కానిదాన్ని తానని చెప్పుకోబోయిన చోటా, పని అంచుదాకా వచ్చి అక్కడ ఆగిపోయిన చోటా ఇల్లు తేలిపోతుంది. మీ ఎస్టిమేటులో మొదటి రకం దండిగా ఉంది. రెండో రకం ఏ ఎస్టిమేటులోనూ కనిపించదు, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోవలసిందే.

ముందు నేల సంగతి. నువ్వు ఎంచుకున్న టైలు, తెల్లని పాలరాతి మీద బూడిదరంగు చారలు పారినట్టు అచ్చువేసిన రకం. అసలు పాలరాతిలో ఏ రెండు పలకల మీదా ఒకే చార ఉండదు. అచ్చు టైలులో మాత్రం కంపెనీవారు ఆ రకానికి ఎన్ని బొమ్మలు తయారు చేశారో అన్నే ఉంటాయి, కొన్ని చవక రకాలకు రెండు మూడే ఉంటాయి. పనివాడు పెట్టెలోంచి వచ్చినవాటిని వచ్చినట్టే పరుచుకుంటూ పోతే, అదే చార మళ్లీ మళ్లీ కాళ్ల కింద తగులుతుంది. ఒక ఇంట్లో గృహప్రవేశం నాడు భోజనాల పంక్తిలో కూర్చుని, కామా గుర్తులాంటి ఒక మచ్చను లెక్కపెట్టాను. నా విస్తరి దగ్గర నుంచి అది పదకొండు చోట్ల కనిపించింది. పొరపాటున ఆ మాట ఇంటావిడతో అన్నాను. ఆ తరువాత ఎక్కడ ఎదురుపడినా, “ఆ కామాలు చూపించి మా ఇంటిమీద నాకు మనసు విరిచేశారు” అని ఆవిడ నన్ను దెప్పేవారు.

కాబట్టి ఆ టైలుకు ఎన్ని రకాల బొమ్మలున్నాయో దుకాణంలోనే అడుగు. సరుకు ఇంటికి రాగానే పెట్టెలన్నింటి మీదా బ్యాచి నంబరూ, షేడు నంబరూ ఒకటేనా అని సరిచూడు. వేర్వేరు బ్యాచిల తెలుపులు పరిచాక గాని విడివిడిగా కనిపించవు. హాలుకు సరిపడా టైళ్లను సిమెంటు లేకుండా ఉత్తినే పరిపించి, ఒకే బొమ్మ పక్కపక్కన రాకుండా మార్పించుకుని, అప్పుడు అతికించమను. టైళ్ల మధ్య సందు సమానంగా రావడానికి రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, పెట్టించు. ఆ సందుల్లో తెల్ల సిమెంటు నింపితే ఆరు నెలలకే నల్లబడి, నేలంతా గళ్లకాగితంలా తయారవుతుంది. టైలు రంగుకు దగ్గరగా ఉన్న గ్రౌటు, అంటే సందులు పూడ్చే రంగు ముద్ద, నింపించు, వంటింట్లోనూ స్నానాల గదిలోనూ నీరు పీల్చని ఎపాక్సీ గ్రౌటు అయితే మంచిది. ఇంత తాపత్రయం ఎందుకనుకుంటే, పాలరాతి వేషం లేని లేత గోధుమరంగు సాదా టైలు తీసుకో. నన్నడిగితే అదే మేలు.

ఇక సీలింగు, దీపాలు. మీ హాలు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులని రాశావు. అందులో ఫాల్స్ సీలింగు పేరుతో ఎనిమిది అంగుళాలు తగ్గించి, ఆ తగ్గించిన సీలింగులో మెట్లు మెట్లుగా గుంటలు తీసి, గుంటల్లో ఊదారంగు దీపాలు దాచి, మధ్యలో నుంచి ఫ్యాను దించుతామంటున్నారు. గది కురచనవుతుంది, ఊదారంగు వెలుగులో మనిషి ముఖం జ్వరపడి లేచినట్టు ఉంటుంది, చవక స్ట్రిప్పు లైటు అయితే దాని చుక్కలు గోడమీద వరసగా చీమలబారులా కనిపిస్తాయి. దూలాన్నో ఏసీ గొట్టాన్నో వైర్లనో కప్పవలసిన చోట గోడవారగా ఒక పట్టీ మేర వేయించు. మిగతా శ్లాబును నున్నగా లప్పం (పుట్టీ) పెట్టించి తెల్లరంగు వేయించి వదిలేస్తే గది గదిలా ఉంటుంది.

దీపాల విషయంలో మనవారికి ఒక పాత అభిప్రాయం ఉంది. పసుపు వెలుగంటే అరవై వాట్ల బల్బు, అంటే లేమి. తెల్లని వెలుగంటే ట్యూబులైటు, అంటే కలిమి. నా చిన్నతనంలో అది నిజమే కావచ్చు, కాని ఇప్పుడు ఆ అభిప్రాయంతోనే 6500 కెల్విన్ల బల్బులు ఇల్లంతా బిగించి, పడకగదిని మందుల దుకాణంలా చేసుకుంటున్నారు. బల్బు పెట్టె మీద ఆ కెల్విన్ల అంకె రాసి ఉంటుంది, అది తగ్గేకొద్దీ వెలుగు పసుపవుతుంది, చూసి తీసుకో: హాలుకూ పడకగదులకూ 3000, వంటింటికీ పిల్లలు చదువుకునే బల్లకూ 4000. ఒకే గదిలో రెండు రకాలు కలపవద్దు. కాలిపోయిన బల్బు స్థానంలో దొరికినదాన్ని పెట్టడం వల్లనే చాలా ఇళ్లలో ఒక మూల పసుపు, ఒక మూల నీలం అవుతుంది. పెట్టె మీద సీఆర్‌ఐ అనే మరో అంకె కూడా ఉంటే, 90 పైన ఉన్నదాన్ని ఎంచుకో. ఆ వెలుగులో చీర రంగు పగటిపూట కనిపించే రంగుకు దగ్గరగా ఉంటుంది. నడి సీలింగు నుంచి ఒకే దీపం గదంతా వెలిగించడానికి బదులు, సోఫా పక్కన ఒకటి, గోడకు ఒకటి, తక్కువ వాట్లవి విడివిడి స్విచ్చులతో పెట్టించు.

రంగుల పని నా సొంత విద్య కనుక అందులో నేను చేసిన తప్పే చెబుతాను. 2003లో మీ అక్క పెళ్లికి మా ఇల్లు కొత్తగా కట్టిస్తున్నప్పుడు, ముహూర్తం ముంచుకొస్తోందని ప్లాస్టరింగు తడి ఆరకముందే లప్పం పెట్టించి, పైన మెరిసే రంగు వేయించాను. పని చేయించుకునేవారు ఎవరైనా ఇలా అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదు, నా ఇంటికి మాత్రం ఒప్పుకున్నాను. పెళ్లినాటికి గోడలు అద్దంలా ఉన్నాయి. వానలు మొదలైన నెలకే హాలు గోడ పొక్కులు లేచి, వేలితో నొక్కితే అప్పడంలా చిట్లింది. అదొక్కటే కాదు, కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడ్డప్పుడల్లా, మెరిసే రంగు కింద తాపీ వేసిన ప్రతి అల కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా కనిపించేది. మెరుపు ఎంత ఎక్కువైతే గోడలోని వంకరలు అంత బయటపడతాయి. అందుచేత హాలుకూ పడకగదులకూ మెరుపు లేని మ్యాట్ రంగే వేయించు.

రంగు వేయకముందు ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలిగించు. ఎత్తుపల్లాలన్నీ నీడలు వేస్తాయి. వాటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి, ఉదయం పెయింటరుకు చూపించి, లప్పం సరిచేయించి ఎమరీ కాగితం పట్టించు. పెయింటరుకు నామీద కోపం వస్తుంది, రానీ. రంగును కార్డులో గోరంత ముక్క చూసి నిర్ణయించకుండా, గోడమీదే రెండడుగుల చదరం వేయించి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద మూడు పూటలా చూసుకో. సోఫా వెనక గోడకు ముదురు నారింజరంగు, టీవీ గోడకు ఇటుకలు పేర్చినట్టు కనిపించే కాగితం, పడకగదిలో బంగారు టెక్స్చరు అని ఎస్టిమేటులో ఉంది. మూడింటినీ కొట్టేయి.

టీవీ గోడకు చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ పలకలు అతికిస్తామన్న పద్దును కూడా కొట్టేయి. ఆ డబ్బును అలమరల మీద పెట్టు, ఎందుకంటే వాటిని రోజుకు పదిసార్లు ముట్టుకుంటావు. పడకగది అలమరలకు ఐ.ఎస్. 303 ముద్ర (భారత ప్రమాణాల సంఖ్య) ఉన్న ప్లైవుడ్డు చాలు. సింకు కిందకూ, నీళ్లు తగిలే ప్రతిచోటుకూ ఐ.ఎస్. 710 రకమే వాడాలి, చెక్కనారను అదిమి చేసిన ఎండీఎఫ్ పలక అక్కడ పెడితే నీరు పీల్చి అటుకుల్లా ఉబ్బిపోతుంది. సన్‌మైకా రంగు కోసం గంటలు గడిపేవారు దాని అంచు ఎలా మూస్తారో అడగరు. ఆ ఇంటీరియర్ కంపెనీవారు ఇంతకుముందు చేసిన ఇల్లు ఒకటి చూపించమని అడిగి, వెళ్లినప్పుడు అలమర తలుపు అంచు వెంబడి బొటనవేలి గోరు నడిపించు. గోరు ఎక్కడైనా పట్టిందంటే, కొన్నాళ్లకు అక్కడే పట్టీ లేస్తుంది. రెండు సన్‌మైకాలు కలిసే మూల దగ్గర నల్లని గీత కనిపిస్తుంటే ఆ వడ్రంగి తొందరపడ్డాడని తెలుసుకో. అద్దంలా మెరిసే తలుపులు ఫొటోలో బాగుంటాయి గాని, పిల్లలున్న ఇంట్లో వేలిముద్రల ప్రదర్శనగా మారతాయి.

కర్టెన్ల దగ్గర చాలామంది తక్కువ ఖర్చుతో బాగు చేసుకోగలిగినదాన్ని కొలత తప్పి పాడుచేసుకుంటారు. బజారులో దొరికే కుట్టిన కర్టెన్లు అయిదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవుల్లో వస్తాయి. కిటికీకి అయిదడుగులది కొని, చట్రానికి ఆనించి కడ్డీ కొట్టేస్తే, అది గోడ మధ్యలో ఆగిపోయి, ఎదిగిన పిల్లవాడికి పాత లాగు తొడిగినట్టు ఉంటుంది. కడ్డీని సీలింగుకు దగ్గరగా, కిటికీకి అటూ ఇటూ ఎనిమిదేసి అంగుళాలు ఎక్కువగా వచ్చేలా పెట్టించి, బట్ట నేలకు అర అంగుళం పైన ఆగేటట్టు కొలిచి కుట్టించు. కిటికీ వెడల్పు అయిదడుగులైతే బట్ట వెడల్పు కనీసం పదడుగులు ఉండాలి, లేకపోతే మూసినప్పుడు మడతలు లేక దుప్పటి ఆరేసినట్టే. కడ్డీ పొడవు ఆరడుగులు దాటితే మధ్యలో మరో పట్టు కొట్టించు, వంగదు. తళతళలాడే పాలిస్టరుకు బదులు మంగళగిరి నేతబట్ట తీసుకుని లోపల లైనింగు వేయిస్తే, ఎక్కువ ఖర్చు కాదు, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది.

సోఫా కొనేముందు నేలమీద దాని కొలతకు పాత వార్తాపత్రికలు పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ నడిచి చూడండి. నడవడానికి రెండున్నర అడుగులైనా మిగలకపోతే ఆ సోఫా మీ ఇంటిది కాదు. సోఫా ముందు తివాచీ వేస్తే సోఫా ముందు కాళ్లయినా తివాచీ మీద ఉండాలి. మూడడుగుల ముక్కను నడిమధ్య వేస్తే కాళ్లు తుడుచుకునే పట్టా అనుకుంటారు. కొత్త సోఫా మీది ప్లాస్టిక్ కవరును మాత్రం ఇంటికి వచ్చిన రోజే చించి పారేయి. మీ పిన్ని ఏడేళ్లు తీయనివ్వలేదు.

గోడమీద పటాలు మనవారు ఎత్తులో వేలాడదీస్తారు, పైగా ముందుకు వంచుతారు. పాత ఇళ్లలో పటం వసారా చూరు కిందికి వచ్చేది, అరుగు మీద కూర్చుని తల ఎత్తి చూసేవారు, ఆ అలవాటు మిగిలిపోయింది. ఫ్లాటులో పటం మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల ఎత్తున ఉంటే చాలు. తాతగారి ఫొటోకు ప్లాస్టిక్ దండా, మినుకుమినుకుమనే ఎర్రదీపమూ వద్దు. మంచి టేకు చట్రం కట్టించు, అదే గౌరవం. ప్లాస్టిక్ పూలూ, ప్లాస్టిక్ గడ్డీ, షోకేసు నిండా రిటర్న్ గిఫ్టులూ, శాలువా కప్పినప్పుడు ఇచ్చిన మెమెంటోలూ, ఇవేవీ హాలులోకి రానివ్వకు. తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు నాలుగు, లేదా అంకుడు కర్ర మీద లక్క రంగులు పూసిన ఏటికొప్పాక బొమ్మలు రెండు, చుట్టూ కాస్త ఖాళీ వదిలి పెట్టు. కలంకారీ గుడ్డ పటం కట్టించాలనుకుంటే, శ్రీకాళహస్తిలో కలంతో గీసినదీ, పెడనలో అచ్చులతో అద్దినదీ రెండూ నిజమైనవే. యంత్రం మీద కొట్టిన నకలును మాత్రం కొనకు. గుడ్డను తిరగేసి చూస్తే, చేత్తో చేసినదానికి రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది. గడపకు పసుపురంగు పెయింటు, దాని మీద స్టిక్కరు ముగ్గు కూడా నాకు నచ్చవు, శుక్రవారం నాడు నిజమైన పసుపు రాసుకోవచ్చు కదా. ఈ విషయంలో మీ పిన్ని నాతో ఏకీభవించదు, వారం వారం ఎవరు రాస్తారంటుంది. నువ్వు ఏది చేసినా ఇద్దరం ఏమీ అనము.

వైర్ల గురించి ఇప్పుడే చెప్పాలి, రంగులయ్యాక చెప్పి లాభం లేదు. టీవీ ఎక్కడ, ఇంటర్నెట్ పెట్టె ఎక్కడ, ఇన్వర్టరు ఎక్కడ, మంచం పక్కన ఫోను ఛార్జింగు ఎక్కడ అని గోడమీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఎలక్ట్రీషియను చేత గోడలోపలే పైపులు వేయించు. అన్నీ అయ్యాక టీవీ కింద నాలుగు వైర్లు వేలాడుతూ, వాటిని కప్పడానికి తెల్ల ప్లాస్టిక్ పట్టీ అతికిస్తే, ఎన్ని లక్షలు పెట్టినా అందరి చూపూ అక్కడికే పోతుంది.

అన్నీ గృహప్రవేశంనాటికే పూర్తి కావాలని పట్టుపట్టవద్దు. నేలా, వైర్లూ, రంగులూ, అలమరలూ, వంటగట్టూ ముందు చేయించి, సోఫా, తివాచీ, పటాలు ఆరు నెలలు ఆ ఇంట్లో ఉన్నాక కొనుక్కో. ఎండ ఏ మూల పడుతుందో, పిల్లలు ఎక్కడ కూర్చుంటారో అప్పటికి తెలుస్తుంది. కార్తీక పౌర్ణమి వెళ్లగానే నేను హైదరాబాదు వస్తాను, వచ్చేటప్పుడు మట్టం సరిచూసే నా పాత రసమట్టం తెస్తాను. అంతవరకు ఆ ఇంటీరియర్ వారికి బయానా ఇవ్వకు, టైళ్ల పెట్టెలు వస్తే విప్పనివ్వకు.

ఇట్లు,
నీ బాబాయి