మైకు మనకిచ్చారు, స్విచ్చి ఎవరి దగ్గరుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాట్సాప్ గ్రూపుల మీదే ఉన్నాయి. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు. వాటిలో రెండు, జనం పాల్గొనడం గురించే వచ్చిన ఇంకో రెండు, మొత్తం నాలుగు తీసుకున్నాను.

మాస్టారూ, మాది విజయవాడ పటమట. మా డివిజన్‌కి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొదట్లో సైడు కాలవల ఫొటోలు పెట్టేవాళ్లం. ఒకరోజు చూస్తే అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టడానికి లేకుండా సెట్టింగ్ మార్చేశారు. అడిగితే ‘గుడ్ మార్నింగులు ఎక్కువైపోయాయమ్మా’ అన్నారు. ఆ తర్వాత ఖాళీ స్థలంలో ఏం కట్టాలో చెప్పమని మీటింగు పెట్టారు. పిల్లలు ఆడుకునే జాగా కావాలన్నాం. సంతకాలు తీసుకున్నారు, ఫొటో తీశారు. చివరికి వచ్చింది షాపుల ప్లాను. దాని కింద ‘స్థానికుల భాగస్వామ్యంతో’ అని రాశారు. మేం భాగస్వాములమేనా? – ఒక గృహిణి

కాదమ్మా. పెళ్లికి పిలిచారు, అక్షింతలు వేయించుకున్నారు. సంబంధం, ముహూర్తం ముందే ఖాయం చేసుకున్నారు.

మీకు జరిగినదాన్ని అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే ఒక వ్యాసంలో నిచ్చెన బొమ్మ గీసి చూపించింది. ఆవిడ అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ శాఖలో పౌరుల భాగస్వామ్యం మీదే సలహాదారుగా పనిచేసింది, అంటే లోపలి నుంచి చూసిన మనిషి. నిచ్చెనకి ఎనిమిది మెట్లు. అడుగు రెండింటిలో జనాన్ని ఆడించడం, బుజ్జగించి దారిలో పెట్టడం తప్ప పాల్గొనడం ఏమీ ఉండదు. తర్వాతి మూడు సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, కాస్త ఏదో ఇచ్చి శాంతింపజేయడం. ఇవి పేరుకే భాగస్వామ్యం. పై మూడింటిలోనే నిర్ణయాధికారం జనం చేతికి వస్తుంది, ముందు పంచుకోవడానికి, ఆపైన పూర్తిగా. మీ మీటింగు నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. ప్లాను ముందే తయారై ఉంటే అంత ఎత్తు కూడా ఎక్కలేదు.

అదే వ్యాసంలో ఫ్రెంచి విద్యార్థులు వేసిన ఒక పోస్టరు గురించి రాసింది. బళ్లో వ్యాకరణం వల్లె వేయించినట్టు ఉంటుంది అది. నేను పాల్గొంటాను, నువ్వు పాల్గొంటావు, అతను పాల్గొంటాడు, మనం పాల్గొంటాం, మీరు పాల్గొంటారు... వాళ్లు లాభపడతారు! మీ గ్రూపు ఫొటో కింద ఇది రాసుకోవచ్చు.

ఆ మరుసటి ఏడు, 1970లో, రాజనీతి పండితురాలు కారల్ పేట్‌మన్ ఇంకా సూటిగా చెప్పింది. మన మాట నిర్ణయాన్ని కొంత కదిలించగలిగినా చివరి అధికారం ఒకరి చేతిలోనే ఉంటే అది పాక్షికంగా పాల్గొనడం. నిర్ణయంలో అందరికీ సమాన బలం ఉంటే పూర్తిగా పాల్గొనడం. బెల్జియం పరిశోధకుడు నికో కార్పెంటియర్ దీన్ని మీడియాకి తెచ్చాడు. లోపలికి రానివ్వడం వేరు, మాటలు కలపనివ్వడం వేరు, నిర్ణయంలో చెయ్యి వేయనివ్వడం వేరు అంటాడు. మీకు మొదటి రెండూ దొరికాయి. గ్రూపులో అవి కూడా వెనక్కి తీసుకున్నారు.

సెట్టింగ్ మార్చడమే కుట్ర అని నేననను. అడ్మిన్లు మాత్రమే రాసే వీలు 2018 నుంచి వాట్సాప్‌లోనే ఉంది. గుడ్ మార్నింగుల బాధ నాకూ తెలుసు, మా బంధువుల గ్రూపుని మ్యూట్‌లో పెట్టి చాన్నాళ్లయింది. కానీ పూలబొమ్మల్ని ఆపడానికి వేసిన తాళం కాలవ ఫొటోల్ని కూడా ఆపేసింది. దాని వల్ల ఎవరికి హాయిగా ఉందో చూడండి.

ఇక చేయాల్సిన పని. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి, ఒక్కో వార్డుకో, కొన్ని కలిపో. బెజవాడ 2011 జనాభా లెక్కలకే 10 లక్షలు దాటింది. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి. మా డివిజన్‌కి వార్డు కమిటీ ఉందా, సభ్యులెవరు, ఆ రోజు మీటింగు మినిట్స్ ఏవి, షాపుల ప్లాను ఫైలు ఏ తేదీన మొదలైంది అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అన్నిటికన్నా ఆ ఆఖరి తేదీ ముఖ్యం. అది మీ మీటింగుకి ముందుదైతే, ఆ కాగితం కాపీలు తీసి కాలనీలో ఇంటింటికీ పంచండి. దానికి అడ్మిన్ పర్మిషన్ అక్కర్లేదు.

ఇప్పుడంతా సోషల్ మీడియా వచ్చాకే సామాన్యుడికి గొంతు వచ్చిందంటారు. మా రోజుల్లో బెజవాడ రేడియో స్టేషన్‌కి కార్డు ముక్క రాస్తే చదివేవారు. అది పాల్గొనడం కాదా? – రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట

నేనూ ఆ కార్డు ముక్కల తరమేనండీ. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కార్యక్రమం వినని ఇల్లు మా వీధిలో లేదు. జనం ఉత్తరాల్లో అడిగేవారు, ఆయన తన ధోరణిలో జవాబు చెప్పేవారు. అందులో ఉన్న చనువు ఇప్పటి లైవ్ చాటింగుల్లో నాకు కనిపించదు.

కానీ ఏ ఉత్తరం చదవాలో వినేవాళ్లు తేల్చలేదు. ఏ కార్యక్రమం ఉండాలో, ఎన్ని నిమిషాలు ఉండాలో కూడా తేల్చలేదు. ఆ మాటకొస్తే ఈ శీర్షికా అంతే. మీ ఉత్తరం నాలుగు పేజీలు, నేను మూడు వాక్యాలు చేశాను. బ్యాంకు పెన్షన్ గురించి రాసిన భాగం తీసేశాను, ఏమనుకోకండి.

వినేవాళ్లే నడిపే రేడియో ఎలా ఉంటుందో చూడాలంటే అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచనూరు వెళ్లాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, పండగ పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఏం రికార్డు చేయాలో వాళ్లే అనుకుంటారు, మిషన్లూ వాళ్లే నడుపుతారు. అసలు కథ అంతకు ముందుది. స్టూడియో ఏళ్ల క్రితమే సిద్ధమైంది, లైసెన్సు లేదు. క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ ఆస్తిలో స్వచ్ఛంద సంస్థలకి వాటా ఇస్తూ ప్రభుత్వం విధానం మార్చింది మాత్రం 2006లో. పదకొండేళ్లు!

ఇచ్చాక కూడా ఒక కొక్కెం తగిలించారు. ఇలా ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు తయారు చేసుకోకూడదు, ఆకాశవాణి వార్తల్నే ఉన్నవున్నట్టు వినిపించుకోవచ్చు. విత్తనాల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు గానీ, ఆ ఊరి రాజకీయాన్ని వార్తగా చెప్పడానికి లేదు. ఎఫ్ఎంలో సినిమా పాట కోరుకోవడానికి ఫోన్ చేసేవాళ్లని ‘భాగస్వాములు’ అని మురిసిపోయే మేధావులు ఈ నిబంధన గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

సార్, నేను జర్నలిజం పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టుకి మా ఊరి యూట్యూబ్ న్యూస్ ఛానెల్ వీడియోల కింద కామెంట్లు లెక్కపెడుతున్నాను. వెయ్యి దాటాయి. ‘ప్రజల భాగస్వామ్యం పెరిగింది’ అని రాయొచ్చా? గైడ్ గారు ఓకే అన్నారు. నాకే డౌట్‌గా ఉంది, టెన్షన్‌గా కూడా ఉంది. – విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

టెన్షన్ వదిలెయ్ తల్లీ, డౌట్ మాత్రం ఉంచుకో.

ముందు ఆ వెయ్యి కామెంట్లు ఎంతమంది రాశారో చూడు. జనం వెబ్‌సైట్లు ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక సంగతి గమనించి రాశాడు. ఇలాంటి చోట్ల సుమారు 90 శాతం మంది చూసి ఊరుకుంటారు, 9 శాతం అప్పుడప్పుడు రాస్తారు, రాసేదంతా దాదాపు మిగిలిన ఒక్క శాతమే. మీ ఛానెల్లో సరిగ్గా అదే లెక్క ఉంటుందని కాదు, ఉందేమో చూడమంటున్నాను. ఐదారు పేర్లే తిరిగి తిరిగి వస్తుంటే ‘ప్రజలు’ అన్న మాట కొట్టెయ్యాలి.

తర్వాత కంప్యూటర్ ముందు నుంచి లేచి ఛానెల్ ఆఫీసుకి వెళ్లి కూర్చో. పొద్దున ఏ స్టోరీ చేయాలో ఎవరు చెబుతున్నారు? జనం రాసిన కామెంటు ఒక్కటైనా స్టోరీ అయిందా? ప్రకటన ఇచ్చినాయన మీద వచ్చిన కామెంట్లు ఎంతసేపు ఉంటున్నాయి? 1950లో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు ఒక చిన్న అమెరికన్ పత్రికలో వార్తలు ఎంచే ఎడిటర్‌ని పట్టుకుని, ఒక వారం పాటు తీసేసిన ప్రతి వార్త మీదా ఎందుకు తీసేశాడో రాయించుకున్న అధ్యయనం అచ్చువేశాడు. ఆయనకి వచ్చిన దాంట్లో పదో వంతే పేపర్లోకి వెళ్లింది. కారణాల్లో ఆయన ఇష్టాయిష్టాలు గట్టిగానే ఉన్నాయి. నువ్వూ అదే పని చెయ్యి, ఒక్క వారం చాలు. వెయ్యి కామెంట్ల కన్నా బరువైన ప్రాజెక్టు అవుతుంది.

ఇంకొకటి. గుంటూరులో ఉంటూ మిర్చి యార్డుని వదిలెయ్యకు. ధరల వార్త వచ్చిన ప్రతిసారీ మైకు ఎవరి ముందుంది? వ్యాపారి, కమీషన్ ఏజెంటు, అప్పుడప్పుడు రైతు. బస్తాలు మోసే హమాలీ, తొడిమలు తీసే ఆడమనిషి ఎన్నిసార్లు మాట్లాడారు? వెనకాల బొమ్మలో కనిపించడం లెక్కలోకి రాదు.

మీడియాలో జనం బలం ఎప్పుడూ కామెంటు పెట్టె నుంచే రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని సారా గురించి మాట్లాడుకున్నారు, తర్వాత ఊళ్లో సారా అమ్మకం ఆపారు. పత్రికలు పేజీలకి పేజీలు ఇచ్చింది ఆ తర్వాతే. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ పత్రికలకి వాటి రాజకీయం వాటికుంది, కాదనను. కానీ వార్త ఎక్కడ పుట్టిందో చూడు. నీ సాహిత్య సమీక్షలో దీనికి రెండు పేజీలు కేటాయిస్తే గైడ్ గారు కాదనరు.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకే పార్టీ పోస్టులు వస్తాయి. నాకు నచ్చకపోయినా నోరెత్తను. ‘మనకెందుకే’ అంటారు మా ఆయన. ఇది పిరికితనమా? – పేరు వద్దు, కృష్ణలంక

కాదమ్మా, మీకు తోడు చాలామంది ఉన్నారు. తన అభిప్రాయం ఒంటరిది అనిపించినవాళ్లు ఊరుకుంటారు, ఊరుకునేకొద్దీ అది ఇంకా ఒంటరిగా కనిపిస్తుంది. జర్మనీలో ప్రజాభిప్రాయం మీద పరిశోధన చేసిన ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో చెప్పిన మాట ఇది. సోషల్ మీడియాతో ఇది పోతుందని కొందరు ఆశపడ్డారు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ పరిశోధన కేంద్రం 2014లో ఇచ్చిన నివేదిక చూస్తే, ప్రభుత్వ నిఘా గురించి ఎదురుబొదురుగా మాట్లాడతామన్న అమెరికన్లు 86 శాతం. ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడేవాళ్లలో అక్కడ రాస్తామన్నవాళ్లు 42 శాతమే.

కాబట్టి రాజకీయం గ్రూపులో వద్దులెండి, లిఫ్టు దగ్గర కలిసినప్పుడు ఒక్కొక్కరితో కదపండి. మీలాగే ఊరుకుంటున్నవాళ్లు ఇంకో నలుగురు బయటపడతారు. మెయింటెనెన్స్ లెక్కలు మాత్రం గ్రూపులోనే అడగండి, జవాబు అందరి ముందూ రావాలి.