షాపిఫై పార్ట్‌నర్ కంపెనీలో ఉద్యోగం: చేర్చమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మావాడికి ఈ ఏడే బీటెక్ అయింది. కాకినాడలో ఓ చిన్న కంపెనీ రమ్మంటోంది. ‘షాపిఫై పార్ట్‌నర్’ అట. షాపిఫై కెనడా వాళ్లది కదా, మధ్యలో వీళ్లెవరు? కమీషన్ ఏజెంట్లా?

జవాబు: ధాన్యం, రొయ్యల బేరాలు చూసిన మనకి మధ్యలో మనిషి కనబడితే కమీషనే గుర్తొస్తుంది లెండి. ఇక్కడ సంగతి వేరు. పార్ట్‌నర్లంటే షాపిఫై మీద వ్యాపారులకి షాపులు కట్టిపెట్టే, దానికి యాప్‌లు రాసే బయటివాళ్లు.

షాపిఫై 2006లో ఒట్టావాలో మొదలైంది. వ్యాపారి సొంత వెబ్‌సైటు పెట్టుకుని సరుకు అమ్ముకునే ఏర్పాటది. కెనడా లాంటి చోట్ల జనం కార్డుతో కొంటారు. మనవాళ్లలో చాలామంది ‘సరుకొచ్చాకే డబ్బులు’ అంటారు. తీరా కొరియర్ కుర్రాడు గుమ్మంలోకెళ్తే ‘మాకొద్దు’ అని పంపేస్తారు. ఆ పార్సిల్ తిరిగొస్తే ‘ఆర్‌టీఓ’ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు, రానుపోను ఖర్చంతా అమ్మినవాడి నెత్తినే. అందుకే ఆర్డరు పడగానే వాట్సాప్‌లో ఖరారు చేసుకునే యాప్‌లు, కొన్ని పిన్‌కోడ్‌లకి క్యాష్ ఆన్ డెలివరీ ఆపేసే యాప్‌లు పుట్టాయి. ఇలాంటివి ఎక్కువగా రాసేది పార్ట్‌నర్లే. జీఎస్టీ బిల్లులదీ ఇదే కథ. ఒక్కో దేశంలో ఒక్కో తంటా, ఒట్టావాలో కూర్చుని అన్నీ తీర్చడం అయ్యే పని కాదు. 2009లో యాప్ స్టోర్ తెరిచి బయటివాళ్లని రానిచ్చింది అందుకే.

ఇటునుంచి అటూ అంతే. నరసాపురం లేసుని జర్మనీలో అమ్మాలంటే ధర యూరోల్లో చూపించాలి, అక్కడి 19 శాతం వ్యాట్ లెక్కలోకి రావాలి, ఇక్కడ ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) నంబరుండాలి. ఇలాంటి షాపులు నాలుగు నిలబెట్టిన కుర్రాడికి కోడింగుతోపాటు వ్యాపారమూ పట్టుబడుతుంది. పెద్ద కంపెనీలో ప్రాజెక్టు లేక ‘బెంచి’ మీద ఖాళీగా కూర్చోడం కంటే ఇది నయమని నా ఉద్దేశం.

అలాగని ‘పార్ట్‌నర్’ బోర్డు చూసి మురిసిపోకండి. ఆ ప్రోగ్రాంలో ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. వాళ్లకి ఏయే దేశాల్లో ఖాతాదారులున్నారో, అంతా ఒక్క క్లయింటు మీదే నడుస్తోందో కనుక్కోండి. సొంత యాప్ ఉంటే అది ఏం చేస్తుందో అడగండి. అదే సౌకర్యాన్ని రేపు షాపిఫై తనే ఇచ్చేస్తే ఆ యాప్ మూతపడొచ్చు. అందుకే అబ్బాయిని జావాస్క్రిప్ట్, డేటాబేస్ గట్టిగా నేర్చుకోమనండి. అవి ఎక్కడికెళ్లినా అక్కరకొస్తాయి.

చేరేలోపు తనే పార్ట్‌నర్ ఖాతా తెరిచి, ఆత్రేయపురం పూతరేకులకో డెవలప్‌మెంట్ స్టోర్ (నేర్చుకోడానికి కట్టుకునే ప్రయోగం షాపు) కట్టి చూడమనండి, పైసా ఖర్చుండదు. ఆ పని ఇష్టమో కాదో వాడికే తెలుస్తుంది. డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమన్నా మాత్రం వద్దనేయండి.