పిలిస్తే పలకని మనిషిలో తెలివి ఉన్నట్టా, లేనట్టా?

కోమాలో ఉన్న మనిషికి ‘నేను’ అనేది ఉంటుందా, చైతన్యం అంటే ఉత్త మెదడు పనేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నకి స్ట్రోక్ వచ్చి బరంపురంలో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

పిలిస్తే పలికేవారు కాదు, చెయ్యి నొక్కినా కదిపేవారు కాదు. రౌండ్స్‌కి వచ్చిన ఒక డాక్టరు మంచం పక్కనే నిలబడి ‘ఈయనకి ఏమీ తెలియదు’ అనేశారు. నర్సు దిదీ మాత్రం పూటపూటా వంగి ‘మౌసా, ఆఖి ఖొలంతు’ అని పిలిచేది, బాబాయ్, కళ్లు తెరవండి అని. తెలివి వచ్చి, గొంతులో గొట్టం తీశాక నాన్న చెప్పిన మొదటి సంగతి ఇది: గుణుపురం బస్సులో ఉన్నారట. అంతా చీకటి. బస్సు ఎక్కడా ఆగట్లేదు. ఎవరో ఆడమనిషి కళ్లు తెరవమని ఒడియాలో ఒకటే పోరుతోందట.

అది తెలివి వస్తున్న గంటలో వచ్చిన కల కావచ్చు. మత్తుమందుల వల్ల ఇలాంటివి వస్తాయని కూడా విన్నాను. కానీ ఆ కల కనడానికి లోపల ఒకరున్నారు కదా! బయటికి పలకకపోవడం వేరు, లోపల ఏమీ లేకపోవడం వేరు. ఈ తేడా పట్టుకుంటే చైతన్యం గురించిన సిద్ధాంతాలు సులువుగా అర్థమవుతాయి.

2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తర్వాత ఏ స్పందనా లేని 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో పెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చురుకయ్యే మెదడు భాగమే ఆమెలోనూ చురుకైంది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మెదడు దెబ్బతిని, చెప్పిన పని చెయ్యలేని 241 మందిలో 60 మంది మెదళ్లు ఇలాంటి పరీక్షకి జవాబిచ్చాయి. నలుగురిలో ఒకరు!

ఇక సిద్ధాంతాలు. మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ బార్స్ 1988లో మెదడుని నాటకం స్టేజీతో పోల్చారు. తెర వెనక ఎన్నో పనులు జరుగుతుంటాయి, వెలుగు పడినది మాత్రం మెదడంతటికీ తెలుస్తుంది, అదే స్పృహ. మెదడు శాస్త్రవేత్త జూలియో టొనోని 2004లో, సమాచారం విడదీయలేనంతగా ఎంత అల్లుకుంటే అంత చైతన్యం అన్నారు. నాకు ఇది ఎక్కువ నచ్చింది. ఎందుకంటే మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి, అయినా అది దెబ్బతింటే నడక తూలుతుంది గాని స్పృహ పోదు. అంటే న్యూరాన్ల లెక్క కాదు, వాటి అల్లిక ముఖ్యం.

ఆత్మ వేరే లేదనే మన పాతకాలపు భౌతికవాదులు, లోకాయతులు ఎప్పుడో అన్నారు: పులిసిన సరుకులో మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందని. మా వైపు కొండల్లో ఇప్పపువ్వు పులిస్తే సారా అవడం అందరికీ తెలిసిందే, కాబట్టి ఈ మాట మాకు కొత్త కాదు. కానీ నాకు ఇక్కడే అడ్డు తగులుతుంది. సారాకి మత్తు ఎక్కదు, తాగినవాడికి ఎక్కుతుంది. ఆ ఎక్కడం అనే అనుభవం ఎక్కడిది? తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో ‘కఠిన సమస్య’ అన్నది దీన్నే. బార్స్ గాని టొనోని గాని దీన్ని తేల్చేశారని నేను అనుకోను.

మీవాళ్లెవరైనా అలా పడుకుని ఉంటే మీరెవరో, ఇవాళ ఏ వారమో, ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్ల భాషలో చెబుతూ ఉండండి. మేం నాలుగో రోజు మంచం పక్కనే బిల్లు డబ్బుల గురించి అన్నదమ్ములం గట్టిగా గొడవపడ్డాం. నాన్న ఇంటికొచ్చాక ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. విన్నారా అని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.