రెండు పికిల్‌బాల్ కోర్టులకు సోలార్ లైట్లు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నలోని వివరాలు ఇవి: పక్కపక్కనే రెండు పికిల్‌బాల్ (చిన్న బ్యాటుతో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో నెట్ మీదుగా ఆడే ఆట) కోర్టులు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఆట, స్తంభానికి ఒక్కటి చొప్పున నాలుగు ఆల్ ఇన్ వన్ (ప్యానెల్, బ్యాటరీ, లైటు కలిసే ఉండే) సోలార్ లైట్లు పెడితే సరిపోతుందని విక్రేత ఇచ్చిన హామీ. నా సమాధానం సూటిగా చెప్పాలంటే, అవి చాలవు. హైదరాబాద్ శివారు తెల్లాపూర్ వైపు మేముండే గేటెడ్ కమ్యూనిటీలో ఇదే పనిని సంఘం తరఫున నేను దగ్గరుండి చేయించాను కాబట్టి, ఎందుకు చాలవో, వాటి బదులు ఏం చేయవచ్చో కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకు నమూనాగా తెచ్చి చూపించిన లైటు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 400 వాట్లు అని ఉంది, కానీ దాని వెనుక అతికించిన చిన్న స్టిక్కరులో ప్యానెల్ సామర్థ్యం 60 వాట్లని ఉంది. మన ఊళ్లో ప్యానెల్‌కు రోజుకు నాలుగైదు గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు అందుతుందనుకుంటే, ఆ ప్యానెల్ ఇచ్చేది మహా అయితే 300 వాట్ అవర్లు. దానిని నాలుగు గంటలకు పంచితే, నష్టాలేవీ తీయకముందే లైటు నిజంగా వెలిగేది 75 వాట్లకు మించదు. పెట్టె మీది అంకె ఏదైనా సరే, ప్యానెల్ ఇవ్వని కరెంటును లైటు ఖర్చు చేయలేదు. మీ విక్రేత ఇచ్చిన కొటేషన్‌లో ప్యానెల్ వాట్లు, బ్యాటరీ సామర్థ్యం విడివిడిగా రాయమని అడగండి. అవి రాయనివారితో తరువాతి మాట అనవసరం.

లెక్కను సోలార్ నుంచి కాక, నేల మీద పడవలసిన వెలుతురు నుంచి మొదలుపెట్టాలి. కోర్టు గీతల వరకు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు ఉంటుంది, కానీ ఆటగాళ్లు పరిగెత్తే చోటు కూడా కలిపితే ఒక్కో కోర్టుకు కనీసం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు కావాలి. మీ రెండింటికీ కలిపి 3,600 చదరపు అడుగులు, అంటే సుమారు 334 చదరపు మీటర్లు. లైటు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు, ఒక చదరపు మీటరు నేల మీద పడే ల్యూమెన్ల సంఖ్యే లక్స్. కాలనీలో సరదాగా ఆడేవారికి 200 లక్స్ వెలుతురు చాలునని నా అభిప్రాయం. పోటీలు పెట్టే ఆలోచన ఉంటే 300కు పైన చూసుకోవాలి. 200 లక్స్‌కు నేలను చేరవలసినవి దాదాపు 67,000 ల్యూమెన్లు. లైటు నుంచి వచ్చే వెలుగులో సగానికి పైగా కోర్టు బయట పడటం వల్ల, గాజు మీద పేరుకునే దుమ్ము వల్ల పోతుందనుకోవడమే క్షేమం కాబట్టి, లైట్లన్నీ కలిపి లక్షా యాభై వేల ల్యూమెన్లకు పైగా ఇవ్వాలి. వాట్‌కు 130 ల్యూమెన్లు ఇచ్చే మంచి ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు 150 వాట్లవి ఎనిమిది, అంటే మొత్తం 1,200 వాట్లు అవుతాయి. నాలుగు గంటలకు 4.8 యూనిట్లు. మీ విక్రేత చెప్పిన నాలుగు లైట్లు ఇందులో నాలుగో వంతు ఇస్తే గొప్ప.

వెలుతురు ఎంత ఉండాలన్నదాని కంటే అది ఎటు నుంచి రావాలన్నది ఈ ఆటలో ముఖ్యమని మాకు త్వరలోనే అర్థమైంది. ప్రత్యర్థి లాబ్ (మన తల మీదుగా పోయేలా ఎత్తుగా లేపే బంతి) కొట్టినప్పుడు తల పైకెత్తి చూడాలి. ఆ క్షణంలో బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనుక స్తంభం మీది లైటు కళ్లలోకి కొడితే బంతి మాయమవుతుంది. అందుచేత స్తంభాలను బేస్‌లైన్ల వెనుక పెట్టకుండా రెండు కోర్టులకు బయటి పక్కల, నెట్‌కు అటూ ఇటూ ఉండేలా రెండేసి చొప్పున పెట్టాలి. ఎత్తు 20 అడుగులకు తగ్గకూడదు. వెలుగును ఒక పక్కకు మాత్రమే విసిరే లెన్సులున్న లైట్లను కింది వైపుకు బాగా వంచి బిగిస్తే, పక్క ఫ్లాట్ల బాల్కనీల్లోకి వెలుగు పోతోందన్న తగవు కూడా తగ్గుతుంది. రంగు విషయంలో 4,000 నుంచి 5,000 కెల్విన్ల (వెలుగు రంగు కొలత) మధ్య ఉన్న తెల్లటి లైట్లు తీసుకోండి. లైట్ల వెలుగు కంటికి తెలియకుండా మిణుకుతోందేమో తెలుసుకోవడానికి ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూడవచ్చు. నాసిరకం డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) ఉంటే మొత్తం దృశ్యం ఒకసారి వెలుగుతూ ఒకసారి మసకబారుతూ కనిపిస్తుంది.

ఇక ప్యానెళ్లను స్తంభాల మీద పెట్టవద్దని నా గట్టి సలహా. తెల్లాపూర్, కోకాపేట, నల్లగండ్ల వంటి చోట్ల మూడు గంటలు దాటేసరికి ఏదో ఒక టవర్ నీడ కోర్టు మీద పడుతుంది. పైగా మే నెలలో వచ్చే గాలిదుమారానికి స్తంభం పైనున్న ప్యానెల్ తెరచాపలా పనిచేస్తుంది. భారతీయ ప్రమాణాల్లో కట్టడాల లెక్క కోసం హైదరాబాద్‌కు నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు. దానికి తగ్గ పునాది తవ్వబోతే మన నేలలో చాలాచోట్ల కొద్ది లోతులోనే బండ తగులుతుంది, ఖర్చు పెరుగుతుంది. క్లబ్ హౌస్ టెర్రస్ మీద దక్షిణం వైపు, సుమారు 15 డిగ్రీల వాలుతో పెడితే నీడ బాధ ఉండదు, కడగడమూ సులువు. చుట్టూ కట్టడాలు సాగుతున్నంత కాలం వేసవిలో తరచూ కడగవలసే ఉంటుంది.

బ్యాటరీతోనే నడపాలనుకుంటే, నష్టాలతో కలిపి రోజుకు ఆరు యూనిట్లు కావాలి. ఏడాది సగటున కిలోవాట్ ప్యానెల్‌కు నాలుగు యూనిట్లు వస్తాయి, వానాకాలంలో మూడనుకోవాలి. అంటే 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు. ముసురు పట్టిన రోజుల్లో ప్యానెల్ అంతంతమాత్రంగానే పనిచేస్తుంది కానీ, తడి కోర్టు మీద ఎవరూ ఆడరు కాబట్టి లైట్లూ వేయరు. చిక్కంతా ముసురు వీడిన తొలి సాయంత్రమే: అందరూ ఒకేసారి దిగుతారు, బ్యాటరీ మాత్రం అప్పటికి సగం కూడా నిండి ఉండకపోవచ్చు. అందుకే ఒకటిన్నర రాత్రికి సరిపడే నిల్వ, అంటే పది యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉండాలి. దానిని ఎండ తగలని గదిలో పెట్టండి, వేడి దాని ఆయుష్షును తినేస్తుంది. వ్యవస్థ 48 వోల్టులది కావాలి. 12 వోల్టులతో ముప్పై మీటర్ల తీగ లాగితే స్తంభం చేరేలోపే వోల్టేజీ పడిపోతుంది.

అయితే మీ ఆవరణలో ఉమ్మడి మీటరు ఉంటే అసలు బ్యాటరీ ఎందుకన్నది నా ప్రశ్న. లైట్లను మామూలు కరెంటుతోనే వెలిగించి, టెర్రస్ మీద కిలోవాటున్నర ప్యానెళ్లు పెట్టి నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు మనం ఇచ్చిన యూనిట్లను మనం వాడినవాటిలోంచి తీసేసే ఏర్పాటు) తీసుకుంటే ఏడాది లెక్క సరిపోతుంది. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకంలో నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ పెట్టారు, కానీ అది గ్రిడ్‌కు కలిపిన వాటికే. మేము చివరికి ఈ దారే ఎంచుకున్నాము. కరెంటు పోతే జనరేటర్ ఉంది. కరెంటు లైనే లేని స్థలంలో తప్ప బ్యాటరీ ఖర్చు నాకు సమంజసంగా తోచదు.

ఏ పద్ధతిలోనైనా టైమరు తప్పనిసరి. శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే 10 గంటల నుంచే, పికిల్‌బాల్ చప్పుడు పడుకున్నవారికి ఎంత ఇబ్బందో మీకు తెలిసే ఉంటుంది. తొలకరి వానల తరువాత ఉసిళ్లు లైట్ల చుట్టూ మూగి కోర్టంతా రాలినప్పుడు, రెక్కల మీద కాలు జారకుండా ఆ సాయంత్రానికి లైట్లు ఆర్పేయడమే మంచిది.

ఆర్డరు రాసేటప్పుడు వాట్లను కాక, ఫలితాన్ని రాయండి: రెండు కోర్టుల మీద ముందుగా గుర్తు పెట్టిన చోట్ల లక్స్ మీటరుతో కొలిచినప్పుడు సగటు 200 ఉండాలి, ఏ చోటా 100కు తగ్గకూడదు. బ్యాటరీ పెడితే ఈ కొలత లైట్లు వేసిన వెంటనే కాకుండా నాలుగో గంటలో తీయాలని, చివరి విడత సొమ్ము ఆ తరువాతే చెల్లిస్తామని కూడా అందులోనే చేర్చండి.